రెండోసారి అడగరు

చదివేవారికి ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఎనిమిదో ఏట, మా ఆయన పోయాక. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. పోయిన వారం భాగం రెండు రోజులు ఆలస్యంగా పంపితే సంపాదకులు ఓర్చుకున్నారు. మీరూ ఓర్చుకుని, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మేవిస్ నిన్న మధ్యాహ్నం వేసుకున్న తలుపు తెల్లవారినా తియ్యలేదు.

ఆమె భర్త వెర్నన్ హాల్లో సోఫా మీదే పడుకున్నాడు. ఆరడుగుల పైన మనిషి, కాళ్ళు బయటికి వేలాడేసుకుని. పొద్దున్న లేచి పడకగది తలుపు ఒకసారి తట్టి, జవాబు రాకపోతే ఊరుకున్నాడు.

ఎడ్నా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఆ తట్టిన చప్పుడు విన్నది. తన చెల్లెలూ మరిదీ ముప్ఫై మూడేళ్ళ కాపురంలో మొదటిసారి విడివిడిగా పడుకోవడం తన మూలంగానే జరిగిందన్న సంగతి ఆమెను ముల్లులా గుచ్చుతోంది.

నిన్న జరిగింది చాలా చిన్న మాట. పక్కింటి లొరెయిన్ ఒక గిన్నెలో ఏదో వండుకుని భోజనానికి వచ్చింది. మాటల మీద, "మీ అమ్మగారు పోయినప్పుడు ఇద్దరూ దగ్గరే ఉన్నారా?" అని అడిగింది.

"మన మేవిస్‌కి తీరలేదు. దూరాభారం కదా, పోనీలెండి," అంది ఎడ్నా. పదకొండేళ్ళుగా ఇంగ్లండులోని తమ ఊరు బోల్టన్‌లో ఎవరు అడిగినా చెబుతున్న మాటే. నాలుక దానంతట అదే చెప్పేసింది.

మేవిస్ చేతిలోని మొక్కజొన్న కండెల పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"రావద్దన్నది నువ్వు," అంది. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

లొరెయిన్ తన గిన్నె తను తీసుకుని పెరటి దారిన వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎడ్నా ముందు నోటుపుస్తకం తెరిచి ఉంది. అది ఆమె సొంత పుస్తకం కాదు, బోల్టన్‌లో చర్చి మహిళా సంఘానిది. వచ్చే వసంతంలో సంఘం ఆడవాళ్ళు ఇరవై ఇద్దరు అమెరికా చూడడానికి బయలుదేరుతున్నారు. "నువ్వెలాగూ ముందు పోతున్నావు. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రాసుకురా. కబుర్లు వద్దు, పనికొచ్చేవి రాయి," అని కార్యదర్శి మిసెస్ క్లెగ్ పుస్తకం చేతిలో పెట్టి పంపింది.

ఇప్పటికి ఆరు పేజీలు నిండాయి. మంచినీళ్ళు అడిగితే గ్లాసులో మూడొంతులు ఐసే ఉంటుంది, కట్టుడు పళ్ళవాళ్ళు ముందే వద్దని చెప్పండి. హోటల్లో టీ అడగకండి, చల్లారిన నీళ్ళ కప్పూ పక్కన పొట్లమూ ఇస్తారు. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమ పక్కకి చూడండి. దుకాణంలో చీటీ మీద రాసిన ధర నమ్మకండి, డబ్బు కట్టేచోట పన్ను కలుస్తుంది. ఇక్కడి ఆసుపత్రి మన ఆసుపత్రిలాంటిది కాదు, బీమా లేకుండా విమానం ఎక్కకండి. ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పుల సంగతి మొదలుపెట్టకండి, వినడానికి ఆగరు. సరదాకని నడిచి ఎక్కడికీ వెళ్ళకండి. మొన్న నేను పోస్టాఫీసుకి నడిచి వెళ్తుంటే మూడు కార్లు ఆగి, కారు చెడిపోయిందా అమ్మా అని అడిగాయి.

ఒక్క సంగతి మాత్రం ఎడ్నా రాయలేదు. ఆకలి.

అమెరికాలోని ఈ డేటన్‌లో దిగి ఇవాళ్టికి పదో రోజు. ఈ ఇంట్లో ఫ్రిజ్ బీరువా అంత ఉంది. దాని తలుపు తీస్తే పెళ్ళి వంట కనిపిస్తుంది. అయినా ఎడ్నా స్కర్టు నడుము దగ్గర పిన్నీసు పెట్టుకుని తిరుగుతోంది. పళ్ళెం ముందుకు వస్తుంది. "నాకు చాలులెండి," అంటుంది. పళ్ళెం వెళ్ళిపోతుంది. వెళ్ళిన పళ్ళెం తిరిగి రాదు.

"గుడ్ మార్నింగ్, ఎడ్నా." వెర్నన్ లోపలికి వచ్చి టోపీ కుర్చీకి తగిలించాడు. దిగిన రోజు నుంచీ అతను పేరు పెట్టే పిలుస్తున్నాడు. ఎడ్నాకి మాత్రం ఇంకా నువ్వు అనడానికి నోరు రావడం లేదు. "గుడ్లు వేయించుకుంటున్నాను. నీకూ వెయ్యనా?"

"అయ్యో వద్దండీ. మీకెందుకు శ్రమ."

"సరే."

రెండే గుడ్లు పగలగొట్టాడు. పెనం మీద వెన్న చిటపటలాడింది. ఆ వాసనకి ఎడ్నా కడుపు గట్టిగా మూలిగింది. ఆమె నోటుపుస్తకం పేజీ తిప్పి ఆ చప్పుడు కప్పబోయింది.

వెర్నన్ వెనక్కి తిరిగి చూశాడు. వెళ్ళి ఫ్రిజ్ మీద ఉన్న బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ఎడ్నా బోల్టన్ నుంచి తెచ్చిన డబ్బా అది. మూత మీద గుర్రపుబండి బొమ్మ.

"నిన్నటి గొడవకి లొరెయిన్ నొచ్చుకుందేమో, నువ్వు ఆవిడ కోసం తెచ్చిన డబ్బా ఇచ్చి వద్దామని తీశాను. తేలిగ్గా ఉందేమిటా అని మూత తీశాను," అన్నాడు. "ఎలుకలేమో అనుకున్నాను. తిన్నాక మూత పెట్టి పోయే ఎలుకలు మా ఒహాయోలో లేవు."

సిగ్గుతో ఎడ్నా మొహం కందిపోయింది. "నాకు ఆకలేసింది."

"ఆకలేస్తే తినొచ్చుగా. ఇప్పుడే అడిగాను. నిన్న అడిగాను. రోజూ అడుగుతూనే ఉన్నాను."

"మీరు ఒక్కసారే అడుగుతారు."

"ఎన్నిసార్లు అడగాలి?"

ఎడ్నా తల వంచుకుని చెప్పింది. "మొదటిసారి వద్దంటాం. అడగ్గానే చెయ్యి చాపితే ఆబగా ఉంటుంది. రెండోసారి, నిజంగానే వద్దు, మీకు తక్కువవుతాయి అంటాం. మూడోసారికి, సరే మీరింతగా అంటున్నారు గనక ఒక్కటి వెయ్యండి అంటాం."

"ఈలోపల గుడ్డు చల్లారిపోదా?"

"మా వైపు వండక ముందు నుంచే అడగడం మొదలుపెడతారు."

వెర్నన్ నవ్వాడు. నిన్నటి నుంచీ ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. "అందుకా. పెళ్ళైన మొదటి ఏడు మేవిస్ పుల్లలా అయిపోయింది. మా అమ్మ వంట పడలేదేమోనని డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాం. పాపం మా అమ్మ..."

మాట సగంలో ఆగింది. నవ్వు మొహం మీదే ఉండిపోయి మెల్లగా చల్లారింది. పొయ్యి ఆపేశాడు.

"ఎడ్నా. ఆ రోజు ఫోనులో కూడా అంతేనా?"

ఎడ్నా ఈ ప్రశ్నకి పదకొండేళ్ళుగా భయపడుతోంది. కాని అది ఇలా వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

ఇంట్లో ఫోను లేని రోజులు. అమెరికా నుంచి ఫోనని మిసెస్ క్లెగ్ ఇంటికి పిలిస్తే, పిండి చేతులతోనే పరిగెత్తింది. ఆ ఫోనుకి కట్టిన డబ్బుకి ఉన్నది మూడు నిమిషాలు. తన మాటే తనకు మళ్ళీ వినిపిస్తోంది. దూరం నుంచి ఇతని గొంతు: అమ్మకి బాగాలేదని ఉత్తరం అందింది, మేవిస్‌ని పంపించమంటావా, రేపు విమానం ఉంది. "అయ్యో వద్దండీ," అంది ఎడ్నా, "అంత దూరం, పిల్లల్ని వదిలిపెట్టి, ఎందుకు శ్రమ." అతను "సరే అయితే," అన్నాడు. ఇంకా ఒకటిన్నర నిమిషం మిగిలి ఉండగానే ఫోను పెట్టేశాడు.

"నేను రెండోసారి అడగలేదు," అన్నాడు వెర్నన్ ఇప్పుడు. "నువ్వు వద్దంటే వద్దనే అనుకున్నాను. అదే వచ్చి మేవిస్‌కి చెప్పాను. నువ్వు రమ్మనే అన్నావన్నమాట, మీ పద్ధతిలో. నేను వినలేకపోయాను."

దొంగకి ఇంటివాడే నిచ్చెన వేసి పట్టుకున్నట్టయింది. ఎక్కడమే మిగిలింది.

"మా వైపు అలవాటు అది," అంది ఎడ్నా. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే చెప్పడం అంత తేలికయింది.

"పదకొండేళ్ళు," అన్నాడు వెర్నన్. "నా మూలంగా మీ ఇద్దరి మధ్యా పదకొండేళ్ళు." చేతులు తుడుచుకుని పడకగది వైపు వెళ్ళాడు. అతని వెనకాలే వెళ్ళాలని ఎడ్నా కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

చేతికి ఏదో ఒక పని కావాలని పెన్సిలు తీసుకుని ఏడో పేజీలో రాసింది. ఏది పెట్టినా మొదటిసారే పుచ్చుకోండి. ఇక్కడివాళ్ళు రెండోసారి అడగరు. రాశాక ఆ వాక్యం వైపు చూడలేక పుస్తకం మూసేసింది.

తలుపు తెరుచుకున్న చప్పుడు. వెర్నన్ మాటలు, చాలాసేపు. మేవిస్ గొంతు మాత్రం వినబడలేదు. తరవాత ఇద్దరూ వచ్చారు. మేవిస్ నిన్నటి బట్టల్లోనే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముక్కూ మొహమూ అచ్చం అమ్మే.

"చెప్పాను," అన్నాడు వెర్నన్ ఎడ్నాతో. "తప్పు నాదని చెప్పాను. ఇక మీరిద్దరూ మాట్లాడుకోండి."

మేవిస్ కుళాయి దగ్గర గ్లాసు నింపుకుని నిలబడే తాగింది. "నువ్వు కూర్చో, వెర్నన్," అంది. "నీకూ తెలియాల్సింది ఒకటుంది."

అతను కూర్చున్నాడు.

"ఆ రోజు నువ్వు ఫోను పెట్టేసి ఏమన్నావో గుర్తుందా?"

"అక్కర్లేదంటోంది అన్నాను."

"అప్పటికే నేను నీలం పెట్టె సర్దుకుని కోటు వేసుకుని హాల్లో కూర్చున్నాను. నువ్వా మాట అంటే నేను ఏడవలేదు. ఎందుకు ఏడవలేదో తెలుసా? నేనూ బోల్టన్ దాన్నే. మొదటి వద్దు వద్దు కాదని నీకు తెలియదు గాని, నాకు తెలియదా?"

ఎడ్నా చేతులు బల్ల కిందికి వెళ్ళాయి.

"ఈ పది రోజులూ ఏ పూటా నిన్ను ఒక్కసారికి మించి అడగలేదు, గమనించావా?" మేవిస్ అక్క వైపు తిరిగింది. "ఆయనకి తెలియక. నేను తెలిసే. ఒక్క వద్దు దగ్గర వదిలేస్తే ఎలా ఉంటుందో నువ్వూ చూడాలని. నువ్వేమో బిస్కెట్లు దొంగతనంగా తిన్నావు గాని, ఇంకొకటి వెయ్యవే అని నోరు తెరిచి అడగలేదు."

"మేవిస్, అలా అనకు," అన్నాడు వెర్నన్.

"ఉండు. మర్నాడు నువ్వు ఫ్యాక్టరీకి వెళ్ళాక టౌనుకి వెళ్ళి టెలిగ్రాం ఇచ్చాను. రెండోసారి అడిగాను."

"నాతో చెప్పలేదే."

"జవాబు వచ్చాక చెబుదామనుకున్నాను. రాలేదు. నాలుగు రోజులు కోటు వేసుకునే ఇంట్లో తిరిగాను. చిన్నది అడిగింది కూడా, అమ్మా నీకు చలేస్తోందా అని. అయిదో రోజు, అమ్మ పోయిందని మిసెస్ క్లెగ్ పేరు మీద టెలిగ్రాం వచ్చింది. అప్పుడు పెట్టె విప్పుకున్నాను."

బయట ఎవరో గడ్డి కోసే మిషను మొదలుపెట్టారు.

"నాది దారిలో పోయిందనుకున్నాను," అంది మేవిస్. "టెలిగ్రాంలు పోతూనే ఉంటాయి. అలా అనుకుంటేనే నీకు పుట్టినరోజు కార్డు రాయగలిగాను, ఏటేటా. అలా అనుకునే నీకు ఈ టిక్కెట్టు పంపాను. నిన్న లొరెయిన్ ముందు నువ్వు ఆ మాట అని నా మొహం వైపు చూడకుండా ఉప్పు కోసం చెయ్యి చాపావు చూడు, అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది." ఆమె గ్లాసు కింద పెట్టింది. "టెలిగ్రాం అందిందా, ఎడ్నా?"

అందలేదంటే అయిపోతుంది. వెర్నన్ తప్పు నెత్తిన వేసుకోనే వేసుకున్నాడు. మేవిస్ నమ్మాలనే చూస్తోంది, ఆ కళ్ళలో తెలుస్తూనే ఉంది. ఒక్కసారి తల అడ్డంగా ఊపితే ఇంకెవరూ అడగరు.

మంగళవారం పొద్దున వచ్చింది ఆ టెలిగ్రాం. పై గది మంచం మీద నుంచి అమ్మ, "ఎవరే?" అంది. "పాలవాడమ్మా," అంది ఎడ్నా. "మన మేవిస్ దగ్గర నుంచేమోననుకున్నాను," అంది అమ్మ. అమ్మ మంచం పట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పడం, దుప్పట్లు ఉతకడం. ఆ తొమ్మిదేళ్ళలో అమ్మ ఒక్కనాడు కూడా, మన ఎడ్నా తిన్నదా అని అడగలేదు. రేపో మాపో మేవిస్ మంచి కోటు వేసుకుని దిగుతుంది. అమ్మ దాని చెయ్యి పట్టుకుని కన్ను మూస్తుంది. ఊరంతా, చూశారా ఎంత దూరం నుంచి వచ్చిందో అంటారు. ఎడ్నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గడియారం వెనక పెట్టింది. సాయంత్రం జవాబు ఇద్దామనుకుంది. బుధవారం ఇద్దామనుకుంది. శుక్రవారం తెల్లవారేసరికి ఇవ్వాల్సిన అవసరం తీరిపోయింది.

ఎడ్నా కుర్చీ పక్కన ఉన్న చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుంది. ఇవ్వాలనే తెచ్చింది. దిగిన రోజే ఇవ్వాలనుకుంది. ప్రతి పొద్దునా ఇవాళ అనుకుంది. పాస్‌పోర్టు మధ్యలో నుంచి నాలుగు మడతల కాగితం తీసి, బిస్కెట్ల డబ్బా పక్కన పెట్టింది.

మేవిస్ దాన్ని విప్పింది. మడతల దగ్గర కాగితం చిరిగి, వేలి మీద వాలింది. తను రాసిన రెండు ముక్కలే. అమ్మకి చెప్పు. ఊఁ అంటే చాలు, బయలుదేరతాను.

"అమ్మకి చెప్పావా?"

"లేదు."

"నన్ను అడిగిందా?"

"అడిగింది."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు," అంది ఎడ్నా. "రోజూ."

వెర్నన్ లేచాడు. ఇద్దరిలో ఎవరి భుజం మీద చెయ్యి వెయ్యాలో తెలియనివాడిలా కాసేపు నిలబడి, టోపీ తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. పెనంలో అతని గుడ్లు అలాగే ఉన్నాయి.

"అలవాటని చెప్పి తప్పించుకుందామనుకున్నాను," అంది ఎడ్నా. "నీ మొగుణ్ణి ఆ తప్పు మొయ్యనిచ్చాను. ఇందాక, ఈ బల్ల దగ్గరే. నిన్ను రానివ్వకూడదనే ఊరుకున్నాను, మేవిస్. అమ్మ నాకొక్కదానికే మిగలాలని. మిగల్లేదు. పోయేటప్పుడు కూడా తలుపు వైపే చూసింది."

మేవిస్ కాగితాన్ని మళ్ళీ పాత మడతల్లోనే మడిచింది. దాన్ని చింపుతుందేమోనని ఎడ్నా చూసింది. చింపలేదు. కిటికీ దగ్గరున్న గడియారం వెనక పెట్టింది. అలా పెట్టాలని ఆ చేతికి ఎవరూ చెప్పలేదు. బోల్టన్‌లో ఏ ఇంట్లో అయినా కాగితాలు పెట్టే చోటు అదే.

ఆ తరవాత పొయ్యి దగ్గరికి వెళ్ళింది. చల్లారిన గుడ్లు పారేసి పెనం తుడిచింది. వెన్న వేసింది. రెండు గుడ్లు పగలగొట్టింది. ఆమె వీపు తప్ప ఎడ్నాకి ఏమీ కనబడడం లేదు. ఆ వీపు చూసి కోపమో దుఃఖమో చెప్పడం కష్టంగా ఉంది. గుడ్లు పళ్ళెంలోకి తీసి, అంచున ఒక రొట్టెముక్క పెట్టింది.

ఇటు తిరగకుండానే అడిగింది.

"తింటావా?"

ఎడ్నా కడుపు మళ్ళీ మూలిగింది. ఏడో పేజీలో తన చేతితో రాసిన మాట గుర్తొచ్చింది. అయినా ఇరవై ఇద్దరికి చెప్పిన బుద్ధి తనకి పనికిరాలేదు. ఈసారి అది మర్యాద కోసం వచ్చిన మాట కాదు. ఈ చేతి ముద్ద తినడానికి తనకి మొహం లేదు.

"వద్దులే," అంది.

మేవిస్ చేతిలో పళ్ళెం గాలిలో ఆగింది. పొయ్యి మీద పెట్టలేదు, బల్ల మీదికీ తేలేదు. ఎడ్నా రెండోసారి కోసం చెవులు రిక్కించి కూర్చుంది.

కంచర్ల ఆదెమ్మ
వయస్సు డెబ్బై రెండు
ప్రస్తుతం ఉంటున్నది బోల్టన్, ఇంగ్లండు